మూడు డిగ్రీల మీద తిరుగుబాటు

శనివారం మధ్యాహ్నం, భోజనాల హాల్లో అందరూ చూస్తుండగానే, బాబెట్ జెంక్ తన గ్లాసులో ఉన్న బీరంతా కిటికీ పక్కనున్న పూలకుండీలోకి ఒంపేసింది. కోపంతో విసిరికొట్టడం కాదు, చెయ్యి వణికి ఒలకబోసుకోవడం కాదు. మొక్కకి నీళ్ళు పోసినంత నిదానంగా పోసి, చివరి చుక్క రాలేదాకా ఆగి, ఖాళీ గ్లాసు బల్ల మీద బోర్లించింది.

వడ్డిస్తున్న యిట్కా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "అదేంటి జెంక్ గారూ, ఇవాళ మనం బీరు తాగమా?"

"మనమెవరమే? నువ్వూ తాగుతున్నావా?" అంది బాబెట్. "తాగాల్సిందాన్ని నేనొక్కదాన్నే. నేను తాగను. ఉన్న నాలుగు పళ్ళూ జివ్వుమంటున్నాయి. ఇది బీరు కాదు, కరిగిన మంచు."

ఎదురుగా కూర్చున్న లోరెంజ్ హ్యూబ్‌నర్ గుటక వేసి, మీసం మీది నురగ తుడుచుకుని పగలబడి నవ్వాడు. రైల్వేలో సిగ్నల్ మనిషిగా బతుకంతా గడిపినవాడు. గొంతు ఇప్పటికీ రెండు ప్లాట్‌ఫారాల అవతలికి వినిపిస్తుంది. "ఏమే బాబెట్టూ, నీకు బీరు పొగలు కక్కుతుండాలి కాబోలు! చెంచా తెప్పించనా, సూపులా జుర్రుకుందువుగాని?"

"నువ్వు తాగరా లోరెంజూ, తాగు. నీకు నాలుకెందుకు? గొంతులో గొట్టం ఉంటే చాలు."

వాళ్ళిద్దరూ ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు. అప్పటి నుంచీ ఇదే వరస.

బాబెట్ సంగతి ఆ చుట్టుపక్కల కొండల్లో తెలియనివాళ్ళు లేరు. బాంబెర్గ్ నుంచి బస్సులో గంట దూరం పైకెళితే, ఊరికో బీరు బట్టీ ఉండే ఆ పల్లెల్లో, 'నల్ల పొట్టేలు' అనే బీరు సత్రం ఆమెదీ ఆమె మొగుడు షోర్ష్‌దీ. షోర్ష్ కాచేవాడు, బాబెట్ పోసేది. కాచడానికి ఎంత నేర్పు కావాలో పోయడానికీ అంతే కావాలని ఆమె వాదం. సత్రం వెనక కొండరాతిని తొలిచిన మాళిగ ఉండేది. బయట ఎండ మండిపోయినా, మంచు మోకాటి లోతు పడినా, లోపల ఒకటే చల్లదనం. పీపా పైకి తెచ్చే ముందు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు, దాని పొట్టకి అరచెయ్యి ఆనించి చూసేది. చల్లదనం చాల్లేదనిపిస్తే వెనక్కి దింపించేది. వేసవిలో దాహంతో వచ్చినవాళ్ళు తిట్టుకున్నా సరే, "గొంతెండిపోతే నుయ్యుంది, అటెళ్ళండి. ఇక్కడ తాగాలంటే ఆగండి" అనేది.

షోర్ష్ పోయాడు. బట్టీ మూతపడింది. మెట్ల మీద జారి తుంటి ఎముక విరిగాక, వంట చేసుకుంటూ ఒంటరిగా ఉండటం కుదరదని తనే లెక్కేసుకుని, తన కాళ్ళ మీద తానే నడిచొచ్చి ఊరి చివరి వృద్ధాశ్రమంలో చేరింది. ఎవరూ పంపలేదు. అందుకే అక్కడ ఆమె ఎవరికీ తలొంచలేదు.

మొదటి ఏడాది గొడవేం లేదు. వంటాయన పాతకాలం మనిషి. బీరు పెట్టెలు బంగాళాదుంపల మాళిగలో దొంతరలు పేర్చి, ఏ రోజుకి కావాల్సినవి ఆ రోజు పైకి తెచ్చేవాడు. ఆయన పని మానుకున్నాక, మాళిగలో ఒకరోజు ఎలక కనిపించింది. తనిఖీకి వచ్చినవాళ్ళు మొహం చిట్లించారు. వెంటనే తాగేవీ తినేవీ అన్నీ పెద్ద స్టీలు ఫ్రిజ్‌లోకి ఎక్కించారు. పాలు, మాంసం, పెరుగు, బీరు, అన్నిటికీ ఒకటే చలి: మూడు డిగ్రీలు.

ఆ నిర్ణయం ఆశ్రమం చూసుకునే ఆరెన్స్ గారిది. సిబిల్లె ఆరెన్స్ ఉత్తరాది సముద్రతీరం నుంచి వచ్చిన మనిషి. ఆమె మాట అచ్చువేసిన పుస్తకంలా ఉంటుంది, నడక కూడా అంతే, ఎక్కడా అక్షరదోషం కనిపించదు. చెడ్డది మాత్రం కాదు. రాత్రిపూట ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే తనే కారేసుకుని వచ్చేది. ఆమె భయమల్లా ఒక్కటే: తన కప్పు కింద ఎవరికీ ఏమీ జరగకూడదు.

పూలకుండీలో బీరు పోసిన సంగతి ఆమె చెవిన పడింది. సాయంత్రం బాబెట్ గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"జెంక్ గారూ, మీకు కలిగిన అసౌకర్యం ఏమిటో దయచేసి చెబుతారా?"

"అసౌకర్యం కాదండీ, అన్యాయం. తేటబీరూ, గోధుమబీరూ, పొగబీరూ అన్నిటినీ ఒకే మంచులో ముంచేస్తున్నారు. చలికి నాలుక మొద్దుబారుతుంది. మొద్దుబారిన నాలుకకి ఏ బీరైతేనేం, గుర్రాల తొట్టిలో నీళ్ళైతేనేం?"

"మరి ఎన్ని డిగ్రీలు ఉండాలని మీ అభిప్రాయం?"

బాబెట్‌కి ఈ అంకెలంటే చిరాకు. అయినా చెప్పింది. "తేటబీరు బావినీళ్ళంత, మీ లెక్కలో ఏడు. గోధుమబీరుకి ఎనిమిది. మాళిగ బీరూ పొగబీరూ తొమ్మిదీ పదీ మధ్య. చలికాలంలో వచ్చే బాక్ ఉంది చూశారూ, అది ముదురు బీరు, పన్నెండు దాకా పోనివ్వచ్చు. అది తొందరపడేవాళ్ళ బీరు కాదు."

"మరి మూడు డిగ్రీలు?"

"మూడా? అది శవాలకి."

ఆరెన్స్ గారి మొహం ఎర్రబడింది. "నియమం అందరికీ ఒకటే. ఫ్రిజ్ నుంచి తీసిన పానీయం వెంటనే వడ్డించాలి. గది వేడిమికి వదిలేయడం మా పద్ధతి కాదు. మీకు ఇష్టం లేకపోతే తాగవద్దు. తాగి తీరాలని ఎవరూ నిర్బంధించడం లేదు."

"అదే చేస్తున్నాను," అంది బాబెట్.

మరుసటి శనివారం ఆమె గ్లాసు పోయించుకోనే లేదు. ముందే బోర్లించి పెట్టింది. ఆ పక్కన వూనిబాల్ట్ కూడా తన గ్లాసు బోర్లించాడు.

వూనిబాల్ట్ నోట్లో నాలుక లేని మనిషి. నలభై ఏళ్ళు చర్చిలో గంటలు మోగించాడు. కడుపులో పుండుకి ఆపరేషన్ చేసి సగం కడుపు కోసేశారు. చల్లటిది ఏది పడినా మెలిపెట్టేస్తుంది. అందుకని వాళ్ళ నాన్న వాడిన బీరు గొట్టం దగ్గర ఉంచుకునేవాడు. జానెడు పొడుగున్న నికెల్ గొట్టం అది. లోపల వేడినీళ్ళు పోసి, మూత బిగించి, గ్లాసు అంచుకి తగిలిస్తే బీరు మెల్లగా చలి వదిలించుకుంటుంది. ఆ కొండల్లో ముసలాళ్ళకి అది కొత్తేం కాదు, ప్రతి సత్రంలోనూ రెండుమూడు ఉండేవి. అయితే ఆ ఏడు చలికాలంలో ఒకావిడ వేడినీళ్ళ సంచీతో కాలు కాల్చుకుంది. అప్పటి నుంచి ఆశ్రమంలో వేడినీళ్ళు నింపేది ఏదైనా సరే నిషేధం. వూనిబాల్ట్ గొట్టం ఆఫీసు సొరుగులోకి వెళ్ళిపోయింది. అతను ఒక్క మాటా అనలేదు. శనివారాలు బీరు వంక చూస్తూ కూర్చుని, చూసీ చూసీ లేచి వెళ్ళిపోయేవాడు.

"ఇన్నాళ్ళూ ఎందుకు నోరెత్తలేదయ్యా?" అనడిగింది బాబెట్.

"నాదొక్కడిదేగా గొడవ అనుకున్నాను."

ఆ మాట బాబెట్‌కి ఎక్కడో గుచ్చుకుంది. ఆ రోజు నుంచి ఆమె పోట్లాట పళ్ళు జివ్వుమన్న సంగతి దాటిపోయింది. బల్ల బల్లకీ వాకర్ తోసుకుంటూ వెళ్ళి అందరితోనూ మాట్లాడింది. చాలామందికి బీరు మీద పట్టింపే లేదు. కానీ ఒకావిడకి స్నానం పొద్దున్నే చేయించడం ఇష్టం లేదు, ఒకాయనకి తలుపు మూసుకుని పడుకోనివ్వడం లేదని బాధ. ఎవరికి వాళ్ళు 'నాదొక్కడిదేగా' అనుకుంటూ మింగుకున్నవాళ్ళే. వేసవి ముదిరేసరికి శనివారం భోజనాల హాల్లో బోర్లించిన గ్లాసులు బారులు తీరాయి. ఒక్క లోరెంజ్ మాత్రం ఫ్రిజ్ నుంచి తీసిన సీసా చెంపకి ఆనించుకుని, "ఆహా! స్వర్గం!" అని అందరికీ వినిపించేలా తాగేవాడు.

"ద్రోహీ!" అనేది బాబెట్.

"చల్లారిన కాఫీ తాగేదానివి, నీకేం తెలుసే!" అనేవాడతను.

చూసి చూసి ఆరెన్స్ గారు ఒక ఉపాయం ఆలోచించింది. ఆదివారం కాఫీ వేళ హాల్లో అందరి ముందూ బాబెట్ దగ్గరికి వచ్చింది.

"జెంక్ గారూ, మీరు చెప్పినట్టే చేద్దాం. నాలుగు రకాల బీర్లు, ఒక్కొక్కటి మీరు చెప్పిన చల్లదనంలోనే మీ ముందు పెడతాము. కళ్ళకి గుడ్డ కట్టుకుని ఏది ఏదో చెప్పండి. తేడా అంత ముఖ్యమైనదని తేలితే, నేను పైవాళ్ళతో స్వయంగా మాట్లాడి నియమం మార్పిస్తాను. తేలకపోతే?"

"తేలకపోతే నోరు మూసుకుంటాను," అంది బాబెట్. అనేసింది. యాభై ఏళ్ళు ఆ నాలుగింటినీ పోసి, రుచి చూసి, రోజూ వాటి వాసనలోనే పడుకుని లేచిన మనిషి. తన పేరు చెప్పమని అడిగినట్టే అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం అంతా సిద్ధం చేశారు. యిట్కా థర్మామీటరు పట్టుకుని అటూ ఇటూ పరుగులు పెట్టింది. ఆ పిల్ల సరిహద్దుకి అవతల, బొహీమియా నుంచి వచ్చింది. బీరంటే వాళ్ళకీ పట్టింపే. "మోసం లేదు జెంక్ గారూ, అన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి, నేను చూశాను," అని చెవిలో చెప్పి, వంటింటి తువ్వాలుతో కళ్ళకి గంతలు కట్టింది.

బాబెట్ మొదటి గ్లాసు అందుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. చిన్న గుటక వేసింది. నోట్లో తిప్పింది.

"గోధుమబీరు."

రెండోది తాగింది. కాస్త ఎక్కువసేపు ఆగింది. "ఇది తేటది." మూడోది. ఇంకా ఎక్కువసేపు. పొగ వాసన కోసం వెతికింది. బీరు ధాన్యాన్ని ఆరబెట్టే బీచ్ చెట్టు కట్టెల పొగ. తన వంటింటి గోడలకీ షోర్ష్ చొక్కాలకీ పట్టి ఉండే పొగ. ఎక్కడో ఉన్నట్టే ఉంది. "మాళిగ బీరు," అంది చివరికి, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా. "నాలుగోది పొగబీరు."

గుడ్డ విప్పారు. ఒక్కటీ సరిపోలేదు. గోధుమబీరన్నది తేటబీరు. తేటదన్నది మాళిగ బీరు. మాళిగ బీరన్న మూడోదే పొగబీరు. హాల్లో వెనక బల్లల దాకా దాని పొగ వాసన వస్తూనే ఉంది. ఆమెకి తప్ప అందరికీ వచ్చింది.

లోరెంజ్ నవ్వుతాడని ఎదురుచూసింది బాబెట్. అతను నవ్వలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

ఆరెన్స్ గారు గెలిచినట్టు మొహం పెట్టలేదు. వంగి, నిజంగా జాలితోనే, మెల్లగా అంది: "వయసులో ఇది సహజమే. బాధపడకండి. అయితే ఇక మీకు ఏ చల్లదనంలో ఇచ్చినా ఒకటే కదా."

బాబెట్ వాకర్ అందుకుని గదికి వెళ్ళిపోయింది.

కాసేపాగి యిట్కా టీ పట్టుకెళ్ళేసరికి, మంచం మీద కూర్చుని సబ్బు బిళ్ళ ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. పక్కన కాఫీ పొడి డబ్బా, బూట్ల పాలిష్, కిటికీలో తుంచిన పుదీనా ఆకులు.

"ఏమీ రావట్లేదే అమ్మాయ్," అంది బాబెట్. "ఎప్పుడు పోయిందో కూడా తెలీలేదు. ఇన్నాళ్ళూ గుర్తున్నదాన్నే వాసన చూస్తున్నాను కాబోలు."

యిట్కా పక్కన కూర్చుంది. "మా తాతకీ అంతే అయింది," అంది.

"మీ తాత ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు? తాగాడు. నురగ సరిగ్గా లేకపోతే మాత్రం పోసినవాడి మీద ఎగిరేవాడు. 'నీకు రుచి తెలీదుగా తాతా' అంటే, 'నాకు తెలియదని నువ్వు ఎలా పడితే అలా పోస్తావా' అనేవాడు."

బాబెట్ చేతిలోని సబ్బు బిళ్ళ పక్కన పెట్టింది. పుదీనా ఆకు వేళ్ళతో నలిపి, మళ్ళీ వాసన చూసి, కింద పడేసింది. అప్పుడు ఆమెకి కోపం వచ్చింది. ముక్కు మీద కాదు, ముసలితనం మీద కాదు. 'ఒకటే కదా' అన్న ఆ మాట మీద.

"ఒకటే కదా అంటుందా! చెవుడొచ్చినంత మాత్రాన మనిషిని పేరు పెట్టి పిలవడం మానేస్తారా? కళ్ళు పోయినవాడికి చిరిగిన చొక్కా తొడుగుతారా, చూడలేడుగా అని? ముక్కు పోయింది, పోనీ. నా ఇష్టం ఎక్కడికి పోయింది? అది నా ముక్కులో లేదే! పందెంలో ఓడిపోయాను, ఒప్పుకున్నాను. కానీ బీరు తాగడానికి పరీక్ష పాసవ్వాలని ఏ దేశంలో రాసుందే?"

"మరి నోరు మూసుకుంటానని అన్నారుగా?" అంది యిట్కా భయంభయంగా.

"అన్నాను. మూసుకుంటాను," అంది బాబెట్. "మాటంటే మాటే."

శనివారం వచ్చింది. ఆగస్టు ఎండకి హాల్లో కిటికీలన్నీ తెరిచి పెట్టారు. బాబెట్ తన చోట కూర్చుంది. యిట్కా పెట్టిన పంది మాంసం, బంగాళాదుంప ముద్దలు తిననే లేదు. తన ముందు గ్లాసు పెడితే బోర్లించలేదు; బీరు పోస్తే పోయించుకుంది. అంతే. చేతులు కట్టుకుని, పెదాలు బిగించి, నిటారుగా కూర్చుంది. గ్లాసు మీద చెమట పట్టి బల్ల మీదికి కారింది. నురగ చచ్చిపోయింది. ఆమె కదల్లేదు.

ఆరెన్స్ గారు వచ్చింది. "జెంక్ గారూ, తాగడం లేదా?"

జవాబు లేదు.

"ఆరోగ్యం బాగానే ఉందా? నాతో మాట్లాడండి."

బాబెట్ తన నోటి వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపింది. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది చిన్నపిల్లల చేష్ట," అంది ఆరెన్స్ గారు. "మీరే కదా మాట ఇచ్చారు."

"అదే నిలబెట్టుకుంటోంది కదండీ!" అన్నాడు లోరెంజ్.

హాలంతా అతని వైపు తిరిగింది. అతను కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడటానికి కాస్త సమయం పట్టింది. లేచాక మాత్రం గొంతు పాత రోజుల్లాగే మోగింది.

"నోరు మూసుకుంటానంది, మూసుకుంది. మూసిన నోట్లోకి బీరెలా పోతుందీ? మీరు మూతి తెరిచి పోస్తారా? ఇదిగో చూడండి ఆరెన్స్ గారూ. నాకు ఐసులా ఉంటేనే ఇష్టం. ఈవిడ చెప్పేదంతా చాదస్తమని బళ్ళో చదివే రోజుల నుంచీ చెబుతున్నా, రేపూ చెబుతా. కానీ నాకొక్క సంగతి అర్థం కావట్లేదు. నా కళ్ళకి గంతలెందుకు కట్టలేదు? నీ నాలుక పనిచేస్తోందా లోరెంజూ అని నన్నెందుకు అడగలేదు? నాకేం ఇష్టమో అదే మీ ఫ్రిజ్‌లో ఉంది కాబట్టి! మీ దారిన ఉన్నవాడికి పరీక్ష లేదు. వేరే దారిన పోతానన్నదానికి పరీక్ష!"

"హ్యూబ్‌నర్ గారూ, విషయం అది కాదు. భద్రత..."

"భద్రతా? వూనిబాల్టు వాళ్ళ నాన్న గొట్టం సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆయనెప్పుడు ఎవర్ని కాల్చాడూ?"

లోరెంజ్ తన గ్లాసు వంక చూశాడు. నిండుగా ఉంది, చుట్టూ మంచు పొర. ఎంతో ప్రేమగా, ఎంతో దిగులుగా చూశాడు. దాన్ని తీసుకెళ్ళి వడ్డించే బండి మీద పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. "నేనూ తాగను," అన్నాడు, ఎవరో చచ్చిపోయినట్టు.

అప్పుడు బాబెట్ లేచింది. వాకర్ పట్టుకుని, బల్లల మధ్య నుంచి, ఆరెన్స్ గారి పక్క నుంచి, గుమ్మం వైపు నడిచింది. ఎక్కడికని ఎవరూ అడగక్కర్లేదు. కిటికీలోంచి కొండ కనిపిస్తూనే ఉంది. కొండ మీద లిండెన్ చెట్ల కింద బీరు పోసే బల్లలూ, వాటి కింద కొండరాతిని తొలిచిన ఊరి బీరు మాళిగా. అక్కడివాళ్ళంతా మాళిగకి వెళ్ళాలంటే పైకెక్కుతారు. వూనిబాల్ట్ లేచాడు. లోరెంజ్ లేచాడు. పొద్దున్న స్నానం వద్దన్నావిడ తన టోపీ వెతుక్కుంది. ఇద్దరు చక్రాల కుర్చీలవాళ్ళు బ్రేకులు తీశారు.

ఆరెన్స్ గారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె గొంతులో ఇప్పుడు పుస్తకం లేదు. "ఈ ఎండలో, ఆ ఎత్తులో! ఎవరైనా పడిపోతే? ఎవరు బాధ్యులు?"

బాబెట్ ఆగింది. అన్ని రోజులుగా మూసుకున్న నోరు తెరిచింది.

"నా కాళ్ళకి నేనేనండీ బాధ్యురాలిని. మీ తలుపుకి తాళం వేస్తారా? వేస్తే మేం ఖైదీలం. ఖైదీలమైతే జడ్జి ఏ శిక్ష వేశాడో చూపించండి. వెయ్యకపోతే తప్పుకోండి."

ఆరెన్స్ గారు వాళ్ళందరి మొహాలూ చూసింది. చివరికి తప్పుకుంది.

ఎక్కడం తేలికేం కాదు. దారి గులకరాళ్ళ దారి, వాకర్ చక్రాలు ఇరుక్కుంటున్నాయి. యిట్కా ఏప్రన్ కూడా విప్పకుండా పరుగెత్తుకొచ్చి ఒక కుర్చీ తోసింది. రెండో కుర్చీని లోరెంజ్ తోస్తానని తోసి, రొప్పుతూ దాని మీదే వాలిపోతే, అందులో కూర్చున్నాయన "దిగి నేను తోయనా?" అన్నాడు. దారిన పోతున్న ట్రాక్టరువాడు ఆగి, నవ్వు ఆపుకోలేక, ఇద్దర్ని వెనక బండి మీద ఎక్కించుకున్నాడు. బాబెట్ ఎక్కలేదు. తుంటి సలుపుతోంది, చెమట కళ్ళలోకి కారుతోంది, పది అడుగులకోసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా, తన కోసం ఆగిన వూనిబాల్ట్‌ని కసిరింది. "నువ్వు నడు! నా మొహం చూస్తే బీరు వస్తుందా?"

పైన చెట్ల కింద నీడ చల్లగా ఉంది. మాళిగవాడు ఆ గుంపుని చూసి తెల్లబోయి, వెంటనే రెండు బల్లలు కలిపేశాడు. మాళిగలోంచి అప్పుడే తీసిన బీరు మట్టి కూజాల్లో వచ్చింది. వూనిబాల్ట్ కోసం మాళిగవాడి అవ్వ వాడిన బీరు గొట్టం అటక మీద నుంచి దింపి, వేడినీళ్ళు పోసి ఇచ్చారు. అతను దాన్ని కూజాకి తగిలించి, గంట మోగించే ముందు తాడు పట్టుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, తాగాడు. ఆ తర్వాత చాలాసేపు ఎవరివైపూ చూడలేదు.

"ఐసు లేదా?" అన్నాడు లోరెంజ్.

"ఐసా? ఇక్కడా?" అన్నాడు మాళిగవాడు.

"నాకోసం అందరూ పోరాడాలిప్పుడు!" అని లోరెంజ్ గొణుక్కున్నాడు గానీ, కూజా మాత్రం ఖాళీ చేశాడు.

బాబెట్ కూజా చుట్టూ అరచేతులు వేసింది. ముక్కుకి ఏమీ అందలేదు. నాలుకకి కాస్త చేదు, కాస్త ఏదో. కానీ చేతులకి తెలిసింది. కొండ లోపలి చల్లదనం అది. పళ్ళు జివ్వుమనలేదు, గొంతు బిగుసుకోలేదు. మెల్లగా తాగింది.

సగంలో ఉండగా ఆరెన్స్ గారు కారులో వచ్చింది, మందుల పెట్టె, నీళ్ళ సీసాలు, ఎండ టోపీలు పట్టుకుని. ఒక్కొక్కరి నాడి చూసింది. బాబెట్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"మీలో ఒక్కరికి ఏమైనా అయ్యుంటే నేను ఏం చేసేదాన్ని?"

"పడితే పడేవాళ్ళం," అంది బాబెట్. "మీరు మంచివారే. మాకు దెబ్బ తగలకూడదని చూస్తారు. కానీ మమ్మల్ని పాలూ మాంసంతోపాటు ఫ్రిజ్‌లో పెడితే దెబ్బ తగలదు గానీ, బతికినట్టూ ఉండదు. ఒక కూజా తాగుతారా?"

"నేను పనిలో ఉన్నాను," అంది ఆరెన్స్ గారు ముక్తసరిగా. అయినా బెంచీ చివర కూర్చుంది, ఆఖరి మనిషి కిందికి దిగేదాకా.

ఆ తర్వాత ఆశ్రమంలో సమావేశం జరిగింది. అరుపులు జరిగాయి. ఆరెన్స్ గారు పైవాళ్ళతో తగువు పడింది, ఎలకల కోసం మాళిగ కన్నాలు మూయించింది. బీరు పెట్టెలు మళ్ళీ కిందికి దిగాయి. లోరెంజ్ సీసాలు మాత్రం ఫ్రిజ్‌లోనే ఉండేటట్టు ఒప్పందం. వూనిబాల్ట్ గొట్టం సొరుగులోంచి బయటికి వచ్చింది, వేడినీళ్ళు మాత్రం యిట్కాయే పొయ్యాలి. స్నానం ఎప్పుడన్నది ఎవరికి వాళ్ళే చెప్పుకోవచ్చు. తలుపు మూసుకునే విషయం ఇంకా తేలలేదు. దాని మీద బాబెట్ వారానికోసారి ఆఫీసుకి వెళ్ళి కూర్చుంటోంది.

నవంబరులో మొదటి బాక్ వచ్చింది. ముదురు గోధుమరంగు, చిక్కటి నురగ. బాబెట్ గ్లాసు ముందు పెట్టుకుని ముట్టుకోకుండా కూర్చుంది, చలి దిగేదాకా. హాల్లోంచి వెళుతున్న ఆరెన్స్ గారు ఆగి, ఆమె మొదటి గుటక వేసేదాకా చూసింది.

"ఇప్పుడు రుచి తెలుస్తోందా?" అనడిగింది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

బాబెట్ నోట్లో తిప్పుకుంది. అబద్ధం చెప్పడానికి ఆమెకి మనసొప్పలేదు.

"లేదు," అంది. "ఏమీ తెలియట్లేదు. యిట్కాతో చెప్పండి, రెండోది ఇంకాస్త ముందే పైకి తెచ్చి పెట్టమని. ఇది ఇంకా చల్లగానే ఉంది."